అడవి నుంచి ల్యాబ్ దాకా: ఫోరెన్సిక్ సాక్ష్యం మీద వాదం ఎక్కడ నిలిచింది?

భద్రాచలం పట్టణం పొలిమేర దాటగానే తెలంగాణ అయిపోతుంది. ఎటపాక నుంచి ఆంధ్రప్రదేశ్. చింతూరు దాటి కుంట వైపు సాగితే ఛత్తీస్‌గఢ్, మల్కన్‌గిరి దారి పడితే ఒడిశా. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన దగ్గర్నుంచి ఇదీ ఇక్కడి పరిస్థితి. ఈ అడవిలో ఒక హత్య జరిగినా, గంజాయి బండి పట్టుబడినా ముందు తేలాల్సింది అది ఎవరి హద్దు అని. కేసు ఏ స్టేషన్‌ది, నమూనాలు ఏ రాష్ట్రం ల్యాబ్‌కు పోతాయి, విచారణ ఏ కోర్టులో జరుగుతుంది అన్నవన్నీ దాని వెంటే వస్తాయి.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ఫోరెన్సిక్ సాక్ష్యం మీద పాత వాదం కొత్తగా రాజుకుంది. ల్యాబ్ రిపోర్టును ఎంతవరకు నమ్మాలి? ముద్దాయి దాన్ని ఎలా ప్రశ్నించాలి? ఆ ప్రశ్న అడిగే అవకాశం దుమ్ముగూడెం, చర్ల మండలాల గూడేల నుంచి వచ్చే ముద్దాయికి నిజంగా ఉందా? పోలీసులు, కోర్టులు, హక్కుల సంఘాలు, శాస్త్రవేత్తలు తలా ఒక జవాబు చెబుతున్నారు. ఎవరి వాదనలో ఎంత బలం ఉందో ఈ సరిహద్దు పరిస్థితుల మధ్య పెట్టి చూడాలి.

నేరాంగీకారం నుంచి నమూనా దాకా

పోలీసుల ముందు ముద్దాయి చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు మాత్రం చెల్లుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 27వ సెక్షన్‌లోని ఈ మినహాయింపు హద్దు ఎక్కడో తేల్చిన తీర్పు తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది. 1946 డిసెంబర్ నాటి ఆ తీర్పు ప్రకారం, కత్తి ఎక్కడ దాచాడో చెప్పిన మాట సాక్ష్యం అవుతుంది గానీ ఆ కత్తితోనే పొడిచానన్న మాట సాక్ష్యం కాదు. కత్తికీ నేరానికీ లంకె వేరే రుజువు కావాలి. మరక మనిషి రక్తమేనా, అయితే ఎవరిది అన్న పరీక్ష చాలా కేసుల్లో ఆ ఖాళీని పూడ్చడానికే వస్తుంది. అంటే మన దగ్గర ల్యాబ్ రిపోర్టు ఎక్కువగా పోలీసులు పట్టుకొచ్చిన వస్తువుకు తోడుగానే కోర్టు గడప తొక్కింది. ఇప్పటి తగువుల్లో సగానికి మూలం ఇక్కడే ఉంది.

వేలిముద్రల కథ ఇంకా పాతది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచమంతా వాడిన వర్గీకరణ వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల కృషి ఉంది. డీఎన్ఏ విషయంలో మాత్రం హైదరాబాద్‌దే ముందడుగు. అక్కడి సీసీఎంబీ పరిశోధనా సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో సొంతంగా డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించింది. అందులో వాడిన డీఎన్ఏ ప్రోబ్‌కు మూలం కట్లపాము జాతి పాముల మీద ఆయన చేసిన పరిశోధన. రాజీవ్ గాంధీ హత్య కేసు నుంచి ఊరి పితృత్వ తగాదాల దాకా ఆ పద్ధతి పనికొచ్చింది. 1996లో ఇదే పని కోసం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే సంస్థ మొదలైంది. దేశానికి ఈ విద్య నేర్పిన నగరం భద్రాచలానికి 300 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. ఆ దూరం నమూనాను ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

శాస్త్రమే దిక్కన్న వాదం

మొదటి వర్గం దర్యాప్తుకు శాస్త్రమే దిక్కంటుంది. ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. అడవి అంచు గ్రామాల్లో సాక్షులు కోర్టు దాకా వచ్చి నిలబడటం కష్టం. ఒకవైపు పోలీసుల భయం, మరోవైపు మావోయిస్టుల భయం, పక్కనే ముద్దాయి బంధువులు. సాక్షి ఎదురు తిరిగితే కేసులో మిగిలేది వస్తువులూ వాటి మీది మరకలే.

2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ విషయంలో గొడవ జరిగి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికి చంపారు. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. తొమ్మిది నెలల లోపే తీర్పు వచ్చింది. అక్కడ ఘటన జరిగినప్పుడు వెంట ఉన్న అటవీ సిబ్బంది కళ్లారా చూశారు. అలా చూసినవాళ్లు లేని కేసు మాటేమిటి? దానికి మరో కొసన 2020 మే నెలలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో బయటపడిన కేసు కనిపిస్తుంది. బావిలో తొమ్మిది శవాలు తేలాయి. ఆత్మహత్యలా, ప్రమాదమా, హత్యలా అన్నది మొదట ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు లేరు. శవపరీక్షలు, సీసీటీవీ దృశ్యాలు, తిండిలో నిద్రమాత్రలు కలిపారన్న ఆధారం ఒక్కొక్కటే కలిసి కేసు నిలబడింది. అదే ఏడాది అక్టోబర్‌లో ముద్దాయికి మరణశిక్ష పడింది.

జస్టిస్ మలిమత్ కమిటీ 2003లోనే శాస్త్రీయ దర్యాప్తు వాటా పెరగాలంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ఆ మాటను చట్టం చేసింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలి, సాక్ష్యం సేకరణను వీడియో తీయాలి. ఇందుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. సౌకర్యం లేకపోతే పక్క రాష్ట్రం ల్యాబును వాడుకోవచ్చన్న నిబంధన కూడా ఉంది. సోదాలనూ స్వాధీనాలనూ వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఇవి మంచి మార్పులే. కొట్టి ఒప్పించే దర్యాప్తుకు ప్రత్యామ్నాయం ఉండాలని కోరుకునేవారెవరూ వీటిని వద్దనరు. హక్కుల సంఘాల్లోనూ చాలామంది ఇక్కడ పోలీసు శాఖతో ఏకీభవిస్తారు. తేడా వచ్చేది తర్వాతి అడుగులో.

దారిలో ఏం జరిగింది?

రెండో వర్గం శాస్త్రాన్ని శంకించదు. నమూనా ప్రయాణాన్ని శంకిస్తుంది. ఎవరు తీశారు, ఎందులో పెట్టారు, ఏ సీలు వేశారు, స్టేషన్‌లో సొత్తు దాచే మాల్‌ఖానాలో ఎన్నాళ్లుంది, ఎవరు తీసుకెళ్లారు, ల్యాబ్‌లో విప్పినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందా? గొలుసులో ఒక లంకె తెగినా రిపోర్టుకు విలువ లేదంటారు వీళ్లు. మన క్రిమినల్ లాయర్లలో ఎక్కువమంది ఈ బాటలోనే వాదిస్తారు, గెలుస్తారు కూడా.

తెలుగువాళ్లు మరచిపోలేని ఉదాహరణ 2007 డిసెంబర్‌లో విజయవాడ శివారు హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య. 2008లో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక దళిత యువకుణ్ని అరెస్టు చేశారు. డీఎన్ఏ సరిపోయిందన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చి అతన్ని నిర్దోషిగా ప్రకటించింది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికే అతని యవ్వనంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత 2018లో కేసు సీబీఐకి వెళ్లేసరికి విజయవాడ కోర్టులో ఉండాల్సిన రికార్డులు, వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. 2019లో శవాన్ని మళ్లీ వెలికితీయాల్సి వచ్చింది. ల్యాబ్ రిపోర్టు ఉన్నంత మాత్రాన నిజం దక్కలేదు. వస్తువు పోయాక నిజాన్ని కొత్తగా వెతికే దారీ మూసుకుపోయింది. కూతుర్ని పోగొట్టుకున్న కుటుంబానికీ, జైల్లో మగ్గినవాడి కుటుంబానికీ అన్యాయమే మిగిలింది.

సుప్రీంకోర్టు ఈ దారిలో ఏళ్లుగా పట్టు బిగిస్తూ వస్తోంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఛావలా అత్యాచార హత్య కేసులో ముగ్గురి మరణశిక్ష రద్దు చేసినప్పుడు, నమూనాలు రోజుల తరబడి మాల్‌ఖానాలో పడి ఉన్న సంగతిని ఎత్తిచూపింది. రిపోర్టు వెనుక ఉన్న పద్ధతిని కింది కోర్టులు అసలు పరిశీలించలేదనీ అంది. 2025 జూలైలో తమిళనాడు కేసు ఒకదానిలో దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. డీఎన్ఏ నమూనా 48 గంటల్లో ల్యాబ్ చేరాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. విచారణ సాగుతుండగా కోర్టు అనుమతి లేనిదే సీలు విప్పకూడదు. నమూనా చేతులు మారిన ప్రతిసారీ నమోదయ్యే రిజిస్టర్ ఉండాలి, అది కేసు రికార్డులో భాగం కావాలి.

చర్ల మండలం లోపలి గూడెం నుంచి 48 గంటల్లో హైదరాబాద్ చేరడం అసాధ్యం కాదు. కానీ వానాకాలంలో వాగు పొంగితే, శవం దొరికిందన్న కబురే రెండు రోజులకు అందితే, శవ పంచనామాకు మధ్యవర్తులు దొరక్కపోతే గడియారం మొదలయ్యే లోపే నష్టం జరిగిపోతుంది. వేసవిలో ఈ ప్రాంతపు వేడి, వానల్లో తేమ రెండూ డీఎన్ఏకు శత్రువులే. నెత్తుటి చొక్కాను నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టాలి. పాలిథిన్ కవర్లో మూటగడితే బూజు పడుతుంది, ల్యాబ్ నుంచి ఫలితం రాలేదన్న రిపోర్టు వస్తుంది. ఆ ఫలితం రాకపోవడం ముద్దాయికి లాభిస్తుందని అనుకోవడం తొందరపాటు. నిజంగా నిర్దోషి అయితే అతన్ని విడిపించగల ఆధారమూ ఆ కవర్లోనే కుళ్లిపోయింది. కస్టడీ లోపాన్ని కేవలం డిఫెన్సు ఎత్తుగడగా చూసేవాళ్లు ఈ కోణం గమనించాలి.

గంజాయి: కిలోల లెక్కలో జీవితం

ఈ సరిహద్దులో ఫోరెన్సిక్ వివాదం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది హత్య కేసుల్లో కాదు, గంజాయి కేసుల్లో. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన సరుకు సీలేరు, చింతూరు దారుల్లో భద్రాచలం మీదుగా ఖమ్మం, హైదరాబాద్ వైపు పోతుంది. కూనవరం రోడ్డు చెక్‌పోస్టు దగ్గర కార్లూ లారీలూ పట్టుబడిన వార్త రాని నెల అరుదు. పట్టుబడేది ఎక్కువగా డ్రైవర్లు, కూలీకి మూట మోసినవాళ్లు. పెట్టుబడి పెట్టినవాళ్లు చాలాసార్లు ఎఫ్ఐఆర్‌లో పరారీలో ఉన్నవారిగా మాత్రమే కనిపిస్తారు.

మత్తుమందుల నిరోధానికి తెచ్చిన ఎన్డీపీఎస్ చట్టంలో తూకమే శిక్ష. గంజాయి కిలో లోపైతే ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, బెయిలు దాదాపు దొరకదు. 19 కిలోలకూ 21 కిలోలకూ మధ్య తేడా ఒక మనిషి జీవితంలో దశాబ్దం. అందుకే ఇక్కడ రెండు ప్రశ్నలు ప్రాణం మీదికి వస్తాయి. ఏది తూచారు? నమూనా ఎవరి ముందు తీశారు?

మొదటిది చూద్దాం. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాపు ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. బ్రౌన్ టేపు చుట్టి అదిమిన ప్యాకెట్లో కొసలతో పాటు ఆకు, కాడ, గింజ, తడి అన్నీ ఉంటాయి. మొత్తం తూచి గంజాయి అని రాస్తే సరిపోతుందని ప్రాసిక్యూషన్ వాదన. కొసలతో కలిసి ఉన్న ఆకు కూడా లెక్కలోకే వస్తుందని చట్టం మాటలనే చూపిస్తారు. మత్తుమందులో కలిపిన ఇతర పదార్థాన్ని కూడా తూకంలో చేర్చాలన్న 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పును తోడు తెచ్చుకుంటారు. అది పొడిలో పొడి కలిపిన సందర్భానికి చెప్పిన తీర్పు, ఒకే మొక్క భాగాలకు వర్తించదని డిఫెన్సు జవాబు. హైకోర్టుల తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. ఈ విషయంలో డిఫెన్సు వాదనే సరైనదనిపిస్తుంది. కాడలూ తడీ కలిపి తూచిన అంకె మీద పదేళ్ల శిక్ష నిలబెట్టకూడదు.

2024 మార్చిలో తెలంగాణ కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు ఈ సంగతే బయటపడింది. 2009లో సంగారెడ్డి వైపు నుంచి హైదరాబాద్ వస్తున్న బండిలో 80 కిలోలు దొరికాయన్నది కేసు. మూటల్లో గంజాయితో పాటు పచ్చిమిరపకాయలు ఉన్నాయని సాక్ష్యంలో వచ్చింది. పంచనామాలో ఆ ఊసు లేదు. మిరపకాయలు వేరుచేసి తూచలేదు. నమూనాల విషయంలో సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసగలేదు. ఎన్డీపీఎస్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేట్ ముందు నమూనాలు తీయాల్సిన పని జరగలేదు. ఆ ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు చిత్తుకాగితంతో సమానమని కోర్టు తేల్చి, ముద్దాయిలను విడిచిపెట్టింది. అక్కడ ల్యాబ్ చేసిన పరీక్షలో తప్పేమీ లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. ల్యాబ్ తన దగ్గరకు వచ్చింది గంజాయే అని చెప్పింది. అది ఆ మూటల్లోంచి వచ్చిందేనా అన్నదానికి మాత్రం రుజువు లేదు.

రెండో ప్రశ్న మీద సుప్రీంకోర్టే ఊగుతోంది. నమూనా మెజిస్ట్రేట్ సమక్షంలోనే తీయాలని 2016లో గట్టిగా చెప్పింది. 2023లో పంజాబ్ కేసులో ఆ పని స్వాధీనం చేసుకున్న చోటే జరిగిందన్న కారణంతో ముద్దాయిని విడిచిపెట్టింది. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ కేసులో మాత్రం, 52ఎ పాటించనంత మాత్రాన కేసు కూలిపోదు, మిగతా సాక్ష్యం నమ్మదగినదా అన్నది చూడాలి అంది. ఈ తీర్పులన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివే కింది కోర్టు జడ్జికి ఏది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడం కష్టమే. 2022 డిసెంబర్‌లో వచ్చిన రూల్స్ నమూనా తీసే తీరును వివరంగా చెప్పాయి. గంజాయికి 24 గ్రాముల చొప్పున జంట నమూనాలు తీయాలి. అన్నీ ఒకే రకంగా ఉంటే 40 ప్యాకెట్ల దాకా ఒక లాట్‌గా కట్టవచ్చు. ఒకే రకంగా ఉన్నాయని ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పక అడగాల్సిన ప్రశ్న.

పద్ధతి మీదే అనుమానం

మూడో వర్గం ఇంకా లోతుకు పోతుంది. సీలు బాగున్నా, దారి బాగున్నా, ఆ పరీక్ష నిజంగా శాస్త్రమేనా అని అడుగుతుంది. అమెరికాలో 2009లో జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక, 2016లో అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి నివేదిక ఈ ప్రశ్నకు పదును పెట్టాయి. డీఎన్ఏ తప్ప మిగతా పోలికల పద్ధతుల్లో చాలావాటి కచ్చితత్వం పరీక్షించి రుజువు చేసింది కాదని అవి చెప్పాయి. తల వెంట్రుకల పోలికపై ఎఫ్‌బీఐ నిపుణులు ఇచ్చిన సాక్ష్యాలను 2015లో తిరగేస్తే 268 విచారణల్లో 257 చోట్ల శాస్త్రం అనుమతించిన దానికన్నా ఎక్కువ చెప్పారని తేలింది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లలో అదే సంస్థ వేలిముద్ర చూసి ఒక అమెరికన్ లాయర్‌ను పొరపాటున పట్టుకుంది.

మన దేశంలో ఈ చర్చ ఇంకా కోర్టు గదిలోకి పూర్తిగా రాలేదు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1993 నుంచి, పద్ధతి నమ్మదగినదని తేలాకే నిపుణుడి మాట వింటారు. మన పాత చట్టం 45వ సెక్షన్, కొత్త సాక్ష్య అధినియం 39వ సెక్షన్ మాత్రం నిపుణుడికి ఆ విద్యలో ప్రవేశం ఉందా అని చూస్తాయి తప్ప ఆ విద్య నిలకడ సంగతి అడగవు.

ఈ అడవికి అన్వయించి చూస్తే పద్ధతుల బలాబలాలు కొంత మారతాయి. డీఎన్ఏ అన్నిటికన్నా గట్టిది. కానీ లైంగిక దాడి కేసుల్లో కొన్నిసార్లు మగవాళ్ల వై క్రోమోజోమ్ పరీక్ష మాత్రమే సాధ్యమవుతుంది. ఆ పరీక్షలో తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, పినతండ్రులు అందరికీ ఒకటే ఫలితం వస్తుంది. అనుమానితులంతా దగ్గరి బంధువులైన చిన్న గూడెంలో 'సరిపోయింది' అన్న ఒక్క మాటకు చాలా తక్కువ అర్థం ఉంటుంది. మామూలు డీఎన్ఏ పరీక్షలో కూడా ఎంతమందిలో ఒకరికి ఇలా సరిపోయే అవకాశం ఉందో, ఆ లెక్క ఏ జనాభా మీద వేశారో రిపోర్టు చెప్పాలి. చెప్పకపోతే డిఫెన్సు అడగాలి.

తుపాకీ పరీక్ష సంగతి వేరు. ఫ్యాక్టరీ రైఫిల్ గొట్టంలో గాళ్లు ఉంటాయి, అవి తూటా మీద గుర్తు వేస్తాయి. ఇక్కడి నాటు తుపాకీ గొట్టం నున్నగా ఉంటుంది. ముందు నుంచి మందు కూరి గుళ్లు వేసే తుపాకీకి ఖాళీ తూటా గొట్టం కూడా మిగలదు. అందుకని శరీరంలో దొరికిన గుండు ఫలానా నాటు తుపాకీదే అని తేల్చి చెప్పిన రిపోర్టు ఎదురైతే ఆ నిర్ధారణ ఎలా వచ్చిందో నిలదీయాలి. ఆ తుపాకీ పేలే స్థితిలో ఉంది, ఈమధ్య పేలిన ఆనవాళ్లున్నాయి అన్నంత వరకు ఒప్పుకోవచ్చు.

అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి మనిషి చనిపోయినప్పుడు శవం మీద కాలిన చిన్న గుర్తు, తీగ మీద అంటిన ఆనవాళ్లు కీలకమవుతాయి. అయితే తీగ ఎవరు పెట్టారన్నది ల్యాబ్ చెప్పదు. వన్యప్రాణి కేసుల్లో చర్మం ముక్క చిరుతదా మరొకదా అన్నది హైదరాబాద్‌లోని సీసీఎంబీ వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్ డీఎన్ఏతో తేల్చగలదు, అది నమ్మదగిన పరీక్షే. ఇక మొబైల్ టవర్ సాక్ష్యం. నగరంలో టవర్ పరిధి చిన్నది. అడవిలో ఒక్కో టవర్ కిలోమీటర్ల కొద్దీ ప్రాంతాన్ని కప్పుతుంది, ఫోన్ ఒక్కోసారి పక్క రాష్ట్రం టవర్‌ను అందుకుంటుంది. ఫోన్ ఆ టవర్ కింద ఉందన్న మాటకూ, మనిషి ఆ చింతచెట్టు కింద ఉన్నాడన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది.

సేకరించేది ఎవరు?

పై మూడు వర్గాల వాదనలకూ అందని ప్రశ్న ఒకటి ఈ ప్రాంతాన్ని వెంటాడుతోంది. నేరారోపణ పోలీసుల మీదే వచ్చినప్పుడు సాక్ష్యం ఎవరు సేకరించాలి?

2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు మావోయిస్టుల వేటకు పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళం సిబ్బందిపై అత్యాచార ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు సరిగా పనిచేయలేదని అదే తీర్పులో తప్పుపట్టింది, మహిళలకు పరిహారం ఇవ్వాలంది. వైద్య సాక్ష్యం లేదన్న మాట పదహారేళ్లు ఆ మహిళలకు ఎదురుగా నిలబడింది. లేకపోవడానికి కారణమైనవాళ్లకు మాత్రం దాని ఫలితం అంటలేదు.

ఎన్‌కౌంటర్ల విషయంలో 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే స్టేషన్ లేదా సీఐడీ దర్యాప్తు చేయాలి. కాల్పుల్లో వాడిన ఆయుధాలు ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు వీడియో తీస్తూ శవపరీక్ష చేయాలి. తూటా గాయం చుట్టూ నల్లదనం, మందు రేణువుల చుక్కలు ఉన్నాయా లేవా అన్నది కాల్చిన దూరాన్ని చెబుతుంది. 2018 మార్చిలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పూజారి కాంకేర్ అడవిలో చనిపోయిన పదిమంది మావోయిస్టుల శవాలను భద్రాచలం ఆసుపత్రికి తెచ్చారు. 2024 సెప్టెంబర్‌లో కరకగూడెం మండలం రఘునాథపాలెం దగ్గర ఆరుగురు చనిపోయారు. ఇలాంటి ప్రతి ఘటన తర్వాత రెండు కథనాలు మిగులుతాయి. వాటి మధ్య తీర్పు చెప్పగలిగిన ఆధారం ఆ గాయాల అంచులే. హైదరాబాద్ దిశ అత్యాచార హత్య కేసు ముద్దాయిల ఎన్‌కౌంటర్‌పై సిర్పూర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనాన్ని తోసిపుచ్చగలిగిందంటే ఘటనా స్థలం నుంచి శవపరీక్ష దాకా ప్రతి ఆధారాన్నీ విడిగా పరిశీలించే అధికారం దానికి ఉండటం వల్లే. ల్యాబ్ పోలీసు శాఖ గొడుగు కింద ఉండకూడదన్న పాత డిమాండ్‌కు ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

ప్రశ్నించే స్తోమత

చట్టంలో దారులు లేకపోలేదు. ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడి రిపోర్టు ఆయన్ని పిలవకుండానే సాక్ష్యంగా చెల్లుతుంది. అయితే కోర్టు ఆయన్ని పిలిపించవచ్చు. డిఫెన్సు ఆ దరఖాస్తు వేయాలి. అమెరికాలో 2009 నాటి తీర్పు తర్వాత విశ్లేషకుడిని బోను ఎక్కించడం ముద్దాయి హక్కు. మన దగ్గర అది అడిగి తెచ్చుకోవాల్సిన అవకాశం. రిపోర్టు ప్రతిని ముద్దాయికి ఉచితంగా ఇస్తారు. రిపోర్టు వెనుక ఉన్న వర్క్ నోట్సు, డీఎన్ఏ గ్రాఫులు వాటంతట అవి రావు, అవీ అడగాలి.

అడగాల్సింది ఎవరు? ఎస్టీ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి హక్కు ఉందని 1987 చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కు లాయర్‌ను ఇస్తుంది. సొంత నిపుణుణ్ని పెట్టుకునే ఖర్చును ఇవ్వడం లేదు. ప్రాసిక్యూషన్ వెనుక మొత్తం ల్యాబ్ ఉంటే, డిఫెన్సు వెనుక ఒక జూనియర్ లాయర్, ఆయన చేతిలో రెండు పేజీల ఇంగ్లీషు రిపోర్టు. సాక్షి మాటను ముద్దాయికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న నియమం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుంచీ ఉంది. కానీ డాక్యుమెంటులో ఎంత భాగం అనువదించాలన్నది కోర్టు విచక్షణకు వదిలేశారు. కోయ మాత్రమే వచ్చిన ముద్దాయికి తన శిక్షకు ఆధారమైన రిపోర్టు ఏం చెబుతోందో తెలియకుండానే విచారణ ముగిసే ప్రమాదం ఇక్కడుంది. ఈ చర్చలో అన్నిటికన్నా తక్కువ మాట్లాడిన అంశం ఇదే, అన్నిటికన్నా ముందు సరిచేయాల్సిందీ ఇదే.

తేలనివి

డీఎన్ఏ నమూనాల సేకరణ, భద్రతలకు ప్రత్యేక చట్టం లేదు. 2019లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ముద్దాయిల నుంచి కొలతలు, నమూనాలు తీసుకునే అధికారం పెంచింది, ముద్దాయికి పరీక్షించుకునే అవకాశం పెంచలేదు. వేర్వేరు రాష్ట్రాల ల్యాబుల పద్ధతులు ఒకే కేసులో తారసపడితే ఏది ప్రమాణమన్నది కూడా రాయలేదు.

వీటన్నిటికన్నా ఇక్కడి ముద్దాయిలకు దగ్గరి సమస్య మళ్లీ పరీక్ష. ఎన్డీపీఎస్ కేసుల్లో రెండో నమూనాను మళ్లీ పరీక్షించాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలని, రిపోర్టు అందిన 15 రోజుల్లోపే దరఖాస్తు వేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టుబడిన సరుకును విచారణకు ముందే కాల్చివేసే వీలు 52ఎ సెక్షన్ ఇస్తోంది. అంటే ఆ జంట నమూనాల్లో రెండోదే ముద్దాయికి మిగిలిన ఏకైక వస్తువు. 15 రోజులు ఎప్పటి నుంచి లెక్క? రిపోర్టు కాగితం చేతికి అందిన రోజు నుంచా, లాయర్ నియమితుడైన రోజు నుంచా, అందులో ఏముందో కోయలోనో గోండిలోనో ముద్దాయికి వివరించిన రోజు నుంచా? ఈ మూడు తేదీల మధ్య నెలలు గడిచిపోవచ్చు. ఖమ్మం, కొత్తగూడెం కోర్టుల్లో గంజాయి కేసులు నడిపే లాయర్లు ఈ ప్రశ్నను దరఖాస్తు రూపంలో హైకోర్టు ముందు పెట్టాల్సి ఉంది.